కాశీ ఘాట్ల నడక: తెలుగు యాత్రికులు తరచుగా అడిగే ప్రశ్నలు

అస్సీ ఘాట్ నుంచి పంచగంగ ఘాట్ దాకా, తెల్లవారుజామున, తెలుగులో మాట్లాడుకుంటూ సాగే నడక ఇది. వచ్చే ముందు యాత్రికులు మమ్మల్ని అడిగే ప్రశ్నలు, మేం చెప్పే జవాబులు ఇక్కడ పెట్టాం. అమ్మగారినో అత్తగారినో వెంట తీసుకొస్తున్నవాళ్లు ముందుగా మోకాళ్ల నొప్పుల గురించి ఉన్న జవాబు చదవండి.

నడక ఎక్కడ మొదలవుతుంది? ఎంత దూరం, ఎంతసేపు?

సూర్యోదయానికి అరగంట ముందు అస్సీ ఘాట్‌లో కలుస్తాం. జూన్‌లో అయితే ఐదు కూడా కాకముందే, జనవరిలో అయితే ఆరుంపావు ప్రాంతంలో. 2014 నుంచి అక్కడ రోజూ తెల్లవారుజామున 'సుబహ్-ఎ-బనారస్' జరుగుతోంది. ముందు గంగాహారతి, వేదమంత్రాలు, ఆ తర్వాత కాసేపు శాస్త్రీయ సంగీతం, చివర యోగా. హారతి చూసి, పాట కాసేపు విని బయలుదేరతాం.

దారి ఐదు కిలోమీటర్ల లోపే. ఆగుతూ, మెట్ల మీద కూర్చుంటూ, టీ తాగుతూ వెళ్తాం కాబట్టి నాలుగు గంటలు పడుతుంది. గంగ ఇక్కడ ఉత్తరానికి పారుతుంది. మనం కూడా ఉత్తరానికే నడుస్తాం, నది మన కుడిచేతి వైపు ఉంటుంది. అవతలి ఒడ్డున ఊరు లేదు, ఇసుక మేటే. అందుకే సూర్యుడు నేరుగా నీటి మీద నుంచి లేచినట్టు కనబడతాడు.

పడవ ఎక్కితే గంటలో అన్ని ఘాట్లూ చూసేయవచ్చు కదా, నడవడం ఎందుకు?

పడవ ప్రయాణం బాగుంటుంది. వీలుంటే ఒక సాయంత్రం అదీ చేయండి. కానీ పడవలోంచి కనిపించేది కాశీ ముఖం మాత్రమే. ఇస్త్రీ బల్ల మీద బట్టలు పరిచిన చాకలి, పొద్దున్నే గొడుగు కింద కూర్చుని సంకల్పం చెప్పే పండా, అఖాడాలో, అంటే కుస్తీల వ్యాయామశాలలో గద తిప్పే కుర్రాడు, మెట్టు మీద ఒంటరిగా కూర్చుని విష్ణుసహస్రనామం చదువుకునే పెద్దావిడ, వీళ్లెవరూ పడవలోంచి సరిగ్గా కనబడరు. వాళ్ల పక్కనుంచి నడిచి వెళ్తేనే ఈ ఊళ్లో మనుషులు రోజూ ఎలా బతుకుతారో తెలుస్తుంది.

ఇంకో కారణం కూడా ఉంది, మాకు అది ముఖ్యం. మనవాళ్లు కాశీకి వచ్చి ఎక్కువ సమయం క్యూల్లో గడుపుతున్నారు. విశ్వనాథుడు, అన్నపూర్ణ, విశాలాక్షి, కాలభైరవుడు, వారాహి అని చీటీ రాసుకుని, ఒక్కొక్కటీ కొట్టేసుకుంటూ, చివరి రోజు చీరలు కొని రైలెక్కేస్తున్నారు. దర్శనాలు తప్పకుండా చేసుకోండి. వాటితో పాటు ఒక పూట ఏ క్యూ లేకుండా ఈ ఊరికి ఇవ్వండి. వందల ఏళ్లుగా తెలుగువాళ్లు వచ్చి, ఉండిపోయి, చదువుకుని, చదువు చెప్పి, ఇక్కడే దేహం వదిలిన ఒడ్డు ఇది. వాళ్ల గుర్తులు చూడకుండా వెళ్లిపోతే మాకు బాధగా ఉంటుంది.

దారిలో తెలుగువాళ్లకు సంబంధించినవి ఏమున్నాయి?

చాలా ఉన్నాయి. హనుమాన్ ఘాట్ దగ్గర వల్లభాచార్యుల గురించి చెప్పుకుంటాం. పుష్టిమార్గమనే కృష్ణభక్తి సంప్రదాయాన్ని స్థాపించిన ఆయనది తెలుగు వైదిక కుటుంబం. ఈరోజు గుజరాత్, రాజస్థాన్‌లలో లక్షలాది ఇళ్లలో ఆయన చూపిన పద్ధతిలోనే బాలకృష్ణుడికి సేవ జరుగుతోంది. కానీ ఆయన మనవాడని తెలుగునాట తెలిసినవాళ్లు తక్కువ. 1531 ప్రాంతంలో ఈ ఘాట్ దగ్గరే గంగలోకి నడుచుకుంటూ వెళ్లి జలసమాధి అయ్యారని సంప్రదాయం.

హరిశ్చంద్ర ఘాట్ దాటిన కాసేపటికి విజయనగరం ఘాట్ వస్తుంది. పేరు చూడగానే ఉత్తరాంధ్ర నుంచి వచ్చినవాళ్ల ముఖాలు వెలిగిపోతాయి. అవును, మన విజయనగరం సంస్థానం వారిదే. ఆ వంశానికి కాశీలో పెద్ద కోట కూడా ఉండేది. 1936లో ఇంగ్లండ్ వెళ్లిన భారత క్రికెట్ జట్టుకు కెప్టెన్‌గా ఉన్న 'విజ్జీ' ఆ ఇంటి బిడ్డే. ఆయన 1965లో కన్నుమూసింది కూడా ఈ ఊళ్లోనే.

ఆ పక్కనే కేదార్ ఘాట్. ఎరుపు, తెలుపు చారల గోడతో దూరం నుంచే గుర్తుపట్టవచ్చు. కేదారేశ్వరుడి గుడి నిర్వహణ తమిళుల కుమారస్వామి మఠానిది. ఇక్కణ్ణుంచి మానససరోవర్ ఘాట్ వరకు, పైన పాండే హవేలీ, బెంగాలీ టోలా గల్లీల్లో తెలుగు, తమిళం, బెంగాలీ మాటలు కలిసి వినిపిస్తాయి. శ్రీరామతారక ఆంధ్రాశ్రమం ఇక్కడే. గోడల మీద తెలుగు రాతలు, పూజాసామగ్రి దుకాణంలో "రండమ్మా, గంగచెంబులు కావాలా" అని పిలిచే బనారసీ కుర్రాడు, మీరే చూస్తారు.

ఇక పంచగంగ ఘాట్. విజయనగరం ప్రాంతంలో పుట్టి, దశాబ్దాల పాటు కాశీలో దిగంబరంగా తిరిగిన త్రైలింగస్వామి మఠం ఈ ఘాట్ పైనే ఉంది. 1887లో ఆయన సిద్ధి పొందారు. రామకృష్ణ పరమహంస కాశీకి వచ్చినప్పుడు ఆయన్ను చూసి, నడిచే విశ్వనాథుడని చెప్పారంటారు. బెంగాలీ యాత్రికులు ఆ మఠాన్ని వెతుక్కుంటూ వస్తారు. మనవాళ్లు కూడా రావాలని మా కోరిక.

కోనసీమ నుంచి వచ్చేవాళ్ల కోసం జగన్నాథ పండితరాయల కథ దాచి ఉంచుతాం. ముంగండ అగ్రహారం వారైన ఆయన షాజహాన్ ఆస్థానంలో పండితుడు. చివరి రోజుల్లో కాశీ పండితులు తనను వెలివేస్తే, పంచగంగ ఘాట్ మెట్ల మీద కూర్చుని గంగను స్తుతిస్తూ గంగాలహరి చెప్పారనీ, ఒక్కో శ్లోకానికి గంగ ఒక్కో మెట్టు ఎక్కి, 52వ శ్లోకానికి ఆయన్ను తనలో కలుపుకుందనీ కథ. చరిత్ర ఎంత, కథ ఎంత అని అడగకండి. శ్లోకాలు మాత్రం ఆయనవే. మీలో ఎవరికైనా వస్తే అక్కడ చదవండి, అందరం కూర్చుని వింటాం.

ఇంకా ఏమేం చూస్తాం?

తులసీ ఘాట్‌లో తులసీదాసు నివసించిన ఇల్లు. ఆయన 1623లో ఇక్కడే కాలం చేశారు. కార్తీక శుద్ధ చవితి నాడు ఈ ఘాట్‌లో 'నాగ్ నథయ్యా' జరుగుతుంది. కృష్ణుడి వేషం వేసిన పిల్లవాడు కదంబ కొమ్మ మీంచి గంగలోకి దూకి కాళీయుడి పడగల మీద నిలబడతాడు. మనం నాగులచవితికి పుట్టలో పాలు పోసే రోజూ అదే. ఆ సమయానికి కాశీలో ఉంటే వదులుకోకండి.

చేత్‌సింగ్ ఘాట్‌లో కోట. 1781లో వారన్ హేస్టింగ్స్ పన్నుల కోసం రాజా చేత్‌సింగ్‌ను ఇక్కడే నిర్బంధిస్తే, జనం తిరగబడ్డారు. రాజు కిటికీలోంచి గంగ వైపు దిగి తప్పించుకున్నాడు. ఆ కిటికీ ఏదై ఉంటుందో పిల్లలు వెతుకుతారు.

అహల్యాబాయి ఘాట్ దగ్గర ఆ తల్లికి ఒక నమస్కారం. ఇప్పుడు మనం దర్శించుకునే విశ్వనాథాలయం 1780లో కట్టించింది ఆవిడే. దశాశ్వమేధం, మాన్‌మందిర్‌లో జైపూర్ రాజు జయసింగ్ కట్టించిన ఖగోళ యంత్రాలు, లలితా ఘాట్ పైన చెక్కతో కట్టిన నేపాలీ గుడి, మణికర్ణిక, ఆ పక్కనే ఒరిగిపోయిన రత్నేశ్వర మహాదేవ మందిరం, సింధియా ఘాట్. రత్నేశ్వరుడి గుడి మరీ కిందికి ఉంది. ఏడాదిలో చాలా నెలలు గర్భగుడి నిండా నీళ్లో, బురదో ఉంటుంది.

పంచగంగ దగ్గర ఎత్తుగా కనిపించేది ఔరంగజేబు కాలపు మసీదు. అంతకుముందు అక్కడ బిందుమాధవుడి ఆలయం ఉండేది. ఇప్పటి బిందుమాధవ ఆలయం పక్కనే ఉంది. తెల్లవారుజామున ఈ మెట్ల మీద పడుకున్న కబీరుకు రామానందుడి పాదం తగిలి, ఆయన నోట వచ్చిన 'రామ' నామమే మంత్రోపదేశం అయిందన్న కథా ఈ ఘాట్‌దే. దగ్గర్లోనే బాలాజీ గుడి. ఉస్తాద్ బిస్మిల్లా ఖాన్ చిన్నప్పుడు షెహనాయ్ సాధన చేసింది ఆ గుడిలో.

విశ్వనాథుడి దర్శనం ఇందులో ఉందా?

లేదు. కావాలనే పెట్టలేదు. దర్శనానికి ఎంతసేపు పడుతుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. పైగా గుడిలోకి ఫోన్లు, బ్యాగులు, పెన్నులు లాంటివి తీసుకెళ్లనివ్వరు. అందరి సామాన్లూ లాకర్లలో పెట్టి, మళ్లీ అందర్నీ పోగేసుకునే టెన్షన్‌లో నడక కాస్తా పోతుంది. ఫోన్ గదిలోనే వదిలి, నడక రోజు మధ్యాహ్నమో మర్నాడు తెల్లవారుజామునో దర్శనానికి వెళ్లండి. సుగమ దర్శనం (త్వరగా అయ్యే టికెట్ దర్శనం), మంగళహారతి టికెట్లు ఆలయం వారి సొంత వెబ్‌సైట్‌లోనే తీసుకోండి. గల్లీలో "త్వరగా దర్శనం చేయిస్తా" అంటూ వెంటపడేవాళ్లకు ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.

2021 డిసెంబరులో ప్రారంభమైన కాశీ విశ్వనాథ కారిడార్ వల్ల లలితా ఘాట్ నుంచి మెట్లెక్కి నేరుగా ఆలయ ప్రాంగణంలోకి వెళ్లే దారి వచ్చింది. ఆ ద్వారం ఎక్కడో నడకలో చూపిస్తాం.

వారాహి అమ్మవారి దర్శనం చేసుకుని నడకకు రావచ్చా?

ఒకే రోజు రెండూ కుదరవు. వారాహి గుడి తెల్లవారుజామున తెరిచి, పొద్దెక్కకముందే మూసేస్తారు. గర్భగుడి కింద నేలమాళిగలో ఉంటుంది. పై అంతస్తులో నేలకు ఉన్న కంతలోంచి అమ్మవారిని చూడాలి. దానికో ప్రత్యేకమైన ఉదయం పెట్టుకోండి.

శ్మశాన ఘాట్ల మీదుగా వెళ్తారట. ఆడవాళ్లు, పిల్లలు రావచ్చా? మైల అంటుతుందా?

చాలామంది నెమ్మదిగా, కాస్త సంకోచంతో అడిగే ప్రశ్న. దాపరికం లేకుండా చెబుతాం.

హరిశ్చంద్ర ఘాట్, మణికర్ణిక ఘాట్ రెండూ దారిలోనే ఉన్నాయి. చితులు కాలుతూనే ఉంటాయి. మణికర్ణికలో రాత్రీ పగలూ తేడా లేదు. హరిశ్చంద్ర నాటకంలో కాటి సీను చూస్తూ పెరిగినవాళ్లకు ఆ ఘాట్ పేరు వినగానే ఒళ్లు ఝల్లుమంటుంది. ఈ రెండు చోట్లా దహనం చేయించేది డోమ్ కులస్తులు. నిప్పు వాళ్ల దగ్గర నుంచే తీసుకోవాలి. ఎంత గొప్పవాడి శవమైనా అంతే.

మైల సంగతి. కాశీవాసులు ఈ ఊరంతటినీ మహాశ్మశానమనే అంటారు. మధ్యాహ్నం మణికర్ణికలో స్నానం పరమ పుణ్యమని నమ్ముతారు. ఆ పక్కనుంచి నడిచి వెళ్లినవాళ్లు మైల పడ్డారని ఇక్కడ ఎవరూ అనుకోరు. అయితే మీ ఇంటి ఆచారం వేరుగా ఉంటే అదే పాటించండి. నడక అయ్యాక గదికి వెళ్లి స్నానం చేసి, ఆ తర్వాతే గుడికి వెళ్లండి.

గర్భిణులను, చూడలేమని అనుకునేవాళ్లను, చిన్నపిల్లలను పై గల్లీలోంచి తీసుకెళ్తాం. ఎవరూ కారణం చెప్పనక్కర్లేదు. బయలుదేరేటప్పుడు మాతో ఒక మాట అంటే చాలు.

అక్కడ పాటించాల్సినవి కొన్ని ఉన్నాయి. ఫోన్ జేబులోనే ఉండాలి, ఫొటోలు, వీడియోలు వద్దు. అది వేరే వాళ్ల ఇంటి దుఃఖం. మాటలు ఆపేయాలి. పాడె ఎదురైతే గోడకు ఒత్తిగిలి దారి ఇవ్వాలి. "పేదల దహనానికి కట్టెల కోసం విరాళం" అంటూ ఎవరో ఒకరు దగ్గరికి వస్తారు. చేతులు జోడించి ముందుకు నడవండి. ముక్తిభవనాల గురించి కూడా అడుగుతుంటారు. చివరి రోజులు గడపడానికి వచ్చిన పెద్దవాళ్లు ఉండే చోట్లు అవి. మేం లోపలికి తీసుకెళ్లం.

నెలసరి సమయంలో రావచ్చా?

రావచ్చు. ఈ నడకలో ఏ గర్భగుడిలోకీ వెళ్లడం లేదు. గుళ్ల దగ్గర బయటే నిలబడి మాట్లాడుకుంటాం.

అమ్మకు మోకాళ్ల నొప్పులు. నడవగలరా?

సూటిగా చెప్పాలంటే, నీటి పక్కన చదునుగా ఉన్న దారి సగమే. మిగతా సగం ఎక్కడం, దిగడం. కాశీ మెట్లు ఒకే ఎత్తులో ఉండవు. కొన్ని మోకాలెత్తు ఉంటాయి, పట్టుకోవడానికి కమ్మీలు ఉండవు. అన్నిటికంటే కష్టం చివర్లో పంచగంగ దగ్గర పైకి ఎక్కడం.

అమ్మగారు ఇంట్లో రెండు అంతస్తుల మెట్లు ఆగకుండా ఎక్కగలిగితే రావచ్చు. లేదంటే అస్సీ నుంచి కేదార్ ఘాట్ వరకు మాతో నడిచి, అక్కడ పైకి వచ్చేయండి. సోనార్‌పురా రోడ్డు దగ్గరే, ఈ-రిక్షాలు దొరుకుతాయి. ఇంకో పద్ధతి, పెద్దవాళ్లు పడవలో వస్తారు, మిగతావాళ్లు నడుస్తారు, దశాశ్వమేధం దగ్గర అందరూ కలుస్తారు. ముందు రోజే చెబితే మాకు తెలిసిన పడవవాళ్లతో మాట్లాడి పెడతాం. ఇదే మా పెద్దవాళ్లకు బాగా నచ్చే ఏర్పాటు. పడవలోంచి మనవళ్లకు చెయ్యి ఊపుతూ వస్తారు.

ఎలాంటి చెప్పులు, బట్టలు?

వెనక పట్టీ ఉన్న చెప్పులు. హవాయి చెప్పులు వద్దు, నీటి దగ్గరి మెట్ల మీద నాచు ఉంటుంది. చీర కట్టుకునేవాళ్లు కాస్త పైకి కట్టుకోండి. డిసెంబరు, జనవరిలో స్వెటర్, చెవులకు మఫ్లర్ తప్పనిసరి. "మాకు హైదరాబాద్‌లో చలి అలవాటే" అని వచ్చి వణికినవాళ్లు చాలామంది ఉన్నారు.

ఏ నెలలో వస్తే మంచిది?

అక్టోబరు చివరి నుంచి మార్చి వరకు. కార్తీకం అన్నిటికంటే బాగుంటుంది. ఆ నెలంతా సాయంత్రాలు ఘాట్ల మీద వెదురుబుట్టల్లో ఆకాశదీపాలు వేలాడదీస్తారు. కార్తీక పౌర్ణమి దేవదీపావళి. ఆ రోజు, ముందు రోజు నడక ఉండదు. ఘాట్ల మీద అడుగు పెట్టడానికి చోటుండదు. శివరాత్రికీ అంతే.

డిసెంబరు ఆఖరు నుంచి జనవరి అంతా పొగమంచు. పదడుగుల అవతల పడవ కనిపించదు. ఘాట్లు ఆ మంచులో చాలా అందంగా ఉంటాయి కానీ రైళ్లు, విమానాలు గంటల కొద్దీ ఆలస్యమవుతాయి. తిరుగు ప్రయాణానికి ఒక రోజు ఎక్కువ పెట్టుకోండి.

ఇంకో విషయం చాలామందికి తెలియదు. ఉత్తరాదిన నెల పౌర్ణమితో ముగుస్తుంది కాబట్టి, ఇక్కడి 'సావన్' మన శ్రావణం కంటే పదిహేను రోజులు ముందే మొదలవుతుంది. ఆ నెల సోమవారాల్లో కావడి యాత్రికులతో ఊరు నిండిపోతుంది. మన పంచాంగం చూసి "ఇంకా ఆషాఢమే కదా, ఖాళీగా ఉంటుంది" అనుకుని టికెట్లు తీసుకోకండి.

వానాకాలంలో నడక ఉంటుందా?

ఉంటుంది, దారి మారుతుంది. జులై చివరి నుంచి సెప్టెంబరు దాకా గంగ పెరిగి ఒక ఘాట్ నుంచి ఇంకో ఘాట్‌కు నీటి పక్కనుంచి వెళ్లే దారి మునిగిపోతుంది. ఇక్కడ ప్రమాద స్థాయి 71.262 మీటర్లు. నీరు అంత దూరం రాకముందే పడవలు ఆపేస్తారు. హారతి మేడల మీద చేస్తారు, హరిశ్చంద్ర ఘాట్‌లో దహనాలు పైనున్న గల్లీలోకి వస్తాయి. మనం గల్లీల్లోంచే నడుస్తాం. వరద తీశాక మెట్ల మీద మోకాలి లోతు ఒండ్రు మిగులుతుంది. పంపులతో నీళ్లు కొట్టి దాన్ని కడగడానికి కొన్ని వారాలు పడుతుంది.

దారిలో గంగాస్నానం చేయవచ్చా?

చేయవచ్చు, కానీ నడక మధ్యలో తడిబట్టలతో ఇబ్బంది. ముందే అస్సీలో చేసి పొడిబట్టలు కట్టుకుని రండి, లేదా నడక అయ్యాక చేయండి. దశాశ్వమేధం లాంటి పెద్ద ఘాట్లలో బట్టలు మార్చుకునే గదులున్నాయి. నీళ్లలో ఉన్న చివరి మెట్టు దాటి వెళ్లకండి. ఆ తర్వాత లోతు ఒక్కసారిగా పెరుగుతుంది. ఈతగాళ్లకూ ఇదే మాట.

నీళ్లు శుభ్రమేనా అని అడుగుతారు. స్నానానికి, సంప్రోక్షణకు, చెంబులో పట్టుకెళ్లడానికి మీ భక్తి మీది. తీర్థంగా తాగాలంటే ఒక్క చుక్కతో ఆపండి, పిల్లలకు వద్దు. గంగను ప్రేమించేవాళ్లం కాబట్టే చెబుతున్నాం, ఊరి మురుగు ఇప్పటికీ నదిలోకి వస్తోంది. పూలు వదిలేటప్పుడు ప్లాస్టిక్ కవరుతో సహా వదలకండి.

ఇది పంచతీర్థ యాత్రలాగా లెక్కకు వస్తుందా?

పంచతీర్థాలు అస్సీ, దశాశ్వమేధం, ఆదికేశవం, పంచగంగ, మణికర్ణిక. మన నడక వీటిలో నాలుగింటిని తాకుతుంది. ఆదికేశవం ఇంకా ఉత్తరాన, వరుణా నది గంగలో కలిసే చోట ఉంది. పైగా శాస్త్రప్రకారం అయిదు చోట్లా వరుసగా స్నానం, సంకల్పం ఉండాలి, చివరిది మణికర్ణిక కావాలి. దానికి పడవ మాట్లాడుకుని పురోహితుడితో వెళ్లడమే పద్ధతి. పంచక్రోశి అయితే పూర్తిగా వేరు. సుమారు 80 కిలోమీటర్లు, అయిదు రోజుల ప్రదక్షిణ.

పిండప్రదానం, గంగపూజ మీరు చేయిస్తారా?

చేయించం. మీరు దిగిన సత్రంలోనో ఆశ్రమంలోనో తెలుగు పురోహితులను అడగండి. ఎన్ని పిండాలు, ఏం సామగ్రి, మొత్తం ఎంత అన్నది కూర్చోకముందే మాట్లాడుకోండి. ఘాట్ మీద చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, సంకల్పం మధ్యలో వేలల్లో అడిగేవాళ్లున్నారు. తండ్రి పేరు చెప్పాక ఎవరు కాదనగలరు? అందుకే ముందే జాగ్రత్త పడాలి.

కాశీలో ఇష్టమైనది ఏదైనా వదిలేయాలంటారు. అది ఎక్కడ?

అందుకు ప్రత్యేకమైన చోటు లేదు. స్నానం చేసి గంగ ఎదుట మనసులో అనుకుంటే చాలు. డబ్బులిచ్చి చేయించుకునే తంతు ఏమీ కాదు. ఎలాగూ తినని కాకరకాయ వదిలేస్తే దానికి అర్థం లేదని మా అభిప్రాయం. మా నడకకు వచ్చిన ఒక పెద్దాయన భార్య మీద కోపం వదిలేశానన్నారు. పక్కనే ఉన్న ఆవిడ కళ్లు తుడుచుకున్నారు.

దారిలో ఏం తింటాం?

మట్టి కప్పుల్లో టీ. తర్వాత గల్లీలో వేడి కచోరీ, బంగాళాదుంప కూర, జిలేబీ. ఇవి పొద్దున పూటే బాగుంటాయి. చలికాలమైతే మలయ్యో తప్పక తినాలి. పాల నురుగును రాత్రంతా మంచులో పెట్టి, కుంకుమపువ్వు వేసి చేస్తారు. నోట్లో పెట్టుకోగానే కరిగిపోతుంది. ఎండ ముదిరితే దొరకదు. ఠండాయీ అనే చల్లని పాల పానీయం తాగేటప్పుడు భంగు కలపనిది కావాలని గట్టిగా చెప్పండి.

ఉల్లి, వెల్లుల్లి లేనివి అడిగితే దుకాణాలు చూపిస్తాం. బయట ఏమీ తినని నియమం ఉన్నవాళ్లు పళ్లు తెచ్చుకోండి. మధ్యాహ్నానికి మన భోజనం కావాలంటే కేదార్ ఘాట్ ప్రాంతం గల్లీల్లో ఇడ్లీ, అన్నం, సాంబారు దొరుకుతాయి.

చీరల షాపుకు తీసుకెళ్తారా?

తీసుకెళ్లం. కమీషన్ తీసుకునే నడక కాదు ఇది. చీర కొనాలనుకునేవాళ్లు వేరే పూట పెట్టుకుని, మదన్‌పురా వైపు నేతగాళ్ల ఇళ్లు, గద్దీలు (చీరల వ్యాపారుల కొట్లు) చూసి కొనండి. ఒక చిన్న సంగతి మాత్రం చెబుతాం. కఢువా నేతలో ప్రతి బుటీనీ విడిగా నేస్తారు కాబట్టి వెనక వైపు ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుకు దారాలు సాగవు. ధర ఎందుకంత ఉందో చీర తిరగేస్తే అర్థమవుతుంది.

కోతులు, ఆవులు, బైకులు?

మూడూ ఉంటాయి. కోతులు కళ్లద్దాలు లాక్కుంటాయి. ప్రసాదం సంచి చేతిలో ఊపుతూ నడవకండి. గల్లీలో బైకు హారన్ వినబడితే ఒక పక్కకు నిలబడండి, మధ్యలో పరుగెత్తకండి.

సాయంత్రం హారతికి ఎక్కడ కూర్చోవాలి?

దశాశ్వమేధం మెట్ల మీద కూర్చోవడానికి టికెట్ లేదు. గంట ముందు వెళ్తే చోటు దొరుకుతుంది. పెద్దవాళ్లతో ఉంటే అస్సీ హారతి మేలు, జనం తక్కువ.

తొమ్మిది రాత్రులు నిద్ర చేయడానికి వస్తున్నాం. నడక ఏ రోజు పెట్టుకోవాలి?

మొదటి రెండు రోజుల్లోనే. దారులు, గల్లీలు, ఏ ఘాట్ ఎక్కడో ఒకసారి తెలిస్తే మిగతా రోజులు మీ అంతట మీరే తిరగగలరు. తొమ్మిది రోజులుండి కూడా సత్రం, గుడి తప్ప ఏమీ చూడలేదని చివరి రోజు మా దగ్గరికి వచ్చేవాళ్లను చూస్తే మనసుకు కష్టంగా ఉంటుంది. వీలుంటే ఒక పూట పది కిలోమీటర్ల దూరంలోని సారనాథ్‌కు, ఇంకో పూట బనారస్ హిందూ విశ్వవిద్యాలయానికి వెళ్లండి. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1939 నుంచి 1948 వరకు వైస్ ఛాన్సలర్‌గా ఉన్నది అక్కడే.

సికింద్రాబాద్ నుంచి రైల్లో వస్తే ఎక్కడ దిగాలి?

దానాపూర్ ఎక్స్‌ప్రెస్‌లో వస్తే పండిట్ దీనదయాళ్ ఉపాధ్యాయ జంక్షన్‌లో దిగాలి. పాత పేరు మొఘల్‌సరాయ్. గంగకు అవతలి వైపు ఉంటుంది, అక్కణ్ణుంచి ఆటోలో గంట దాకా పట్టవచ్చు. పొద్దున రైలు దిగి అదే రోజు నడకకు రావద్దు. విశ్రాంతి తీసుకుని మర్నాడు రండి.

నడక ఎక్కడ ముగుస్తుంది? గదికి ఎలా వెళ్లాలి?

పంచగంగ మెట్లెక్కి, చౌఖంబా గల్లీలోంచి ఠఠేరీ బజార్ దాటి, చౌక్ రోడ్డు మీదికి వస్తాం. ఇత్తడి, రాగి సామాన్ల దుకాణాలు అక్కడే. గంగచెంబులు కావాలంటే చూసుకోవచ్చు. చౌక్ నుంచి విశ్వనాథుడి గల్లీకి నడిచే వెళ్లవచ్చు. ఆంధ్రాశ్రమం వైపు వెళ్లేవాళ్లు గొదౌలియా దాకా నడిచి, అక్కడ రిక్షా ఎక్కి సోనార్‌పురాలో దిగండి. పండగ రోజుల్లో గొదౌలియా దగ్గర వాహనాలు ఆపేస్తారు. అలాంటప్పుడు రిక్షాలు ఎక్కడ దొరుకుతున్నాయో చూసి, మీరు ఎక్కేదాకా మాలో ఒకరు తోడుంటారు.